మూడో బ్యారక్ కరుణ

పులిగుట్ట జైల్లో తెల్లవారితే ఖైదీలు మొదట చూసుకునేది ఎవరి మొహం వాడిపోయిందా అని. కాస్త దిగులుగా కూర్చున్నవాడు కనబడితే చాలు, పక్కన చేరి భుజం మీద చెయ్యి వెయ్యడానికి నలుగురు తయారు. జలుబు చేసినవాడికైతే ఆ రోజు రాజభోగమే. 2079 నాటికి మన జైళ్లు ఇలా ఉంటాయని ముందే ఎవరైనా చెప్పి ఉంటే జనం నవ్వి ఊరుకునేవారు.

దీనికంతటికీ కారణం చెవి వెనక అతికించే గోరంత బిళ్ల. దాని పేరు ఎంపథీ మీటర్. కనిపెట్టిన డాక్టర్ ఇందుమతి మాత్రం దాన్ని కరుణామాపకం అనే పిలిచేది. పాత రోజుల్లో ఖైదీలు తోటపని చేస్తేనో తివాచీలు నేస్తేనో శిక్షలో కొంత తగ్గించేవారు. బుద్ధిగా తివాచీ నేసినవాడే బయటికెళ్లి మళ్లీ కత్తి పట్టేవాడు. చేతులకి పని నేర్పితే ఏం లాభం, మారాల్సింది మనసు కదా అనుకుంది ఇందుమతి. ఎదుటివాడి బాధ చూసినప్పుడు మెదడులో పుట్టే తరంగాలనీ, రక్తంలో చేరే హార్మోన్లనీ కలిపి చదువుతుంది ఆ బిళ్ల. నటిస్తే ఇట్టే పట్టేస్తుంది. నిజంగా మనసు కరిగితేనే క్రెడిట్లు. క్రెడిట్లు పెరిగినకొద్దీ శిక్ష తగ్గుతుంది. ఆ లెక్కలన్నీ గణకి అనే జైలు కంప్యూటర్ చూసుకుంటుంది.

దేశంలోని జైళ్లన్నింటిలోనూ దీన్ని పెట్టాలా వద్దా అని తేల్చడానికి మర్నాడు ఒక కమిటీ రాబోతోంది. వాళ్లకి చూపించడానికి మూడో బ్యారక్‌ని మించింది లేదు. మిగతా బ్యారక్‌లన్నీ కలిపినా దానికి వచ్చినన్ని క్రెడిట్లు రాలేదు. ఆ వింతేమిటో కళ్లారా చూద్దామని ఇందుమతి ఒక రోజు ముందే వచ్చింది.

చూశాక ఆవిడ మనసు నిండిపోయింది. ఆ బ్యారక్‌లో దేవసహాయం అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. గ్యాస్ సెన్సర్ ఊరికే మోగుతోందని విసుగొచ్చి ఒకసారి దాన్ని ఆపేశాడు. ఆ షిఫ్టులో ఉన్నవాళ్లెవరూ బతకలేదు. వాళ్లలో ఆయన అల్లుడు కూడా ఉన్నాడు. కూతురు వినీల ఒక్కసారైనా తనని చూడ్డానికి రాలేదనీ, ఇక ఎప్పటికీ క్షమించదనీ ఆయన కుమిలిపోతున్నాడు. నెలకోసారి ఇంటివాళ్లు చూడ్డానికొచ్చే ములాఖత్ రోజు వస్తే పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చుంటాడు. సాయంత్రానికి గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఈ మధ్య తిండి కూడా సరిగ్గా తినడం లేదు. గుండె బాగా బలహీనపడిందని జైలు డాక్టర్ చెప్పాడు.

ఆ సాయంత్రాల్లో బ్యారకంతా ఆయన చుట్టూ చేరుతుంది. ఒకడు గంజి తాగిస్తాడు, ఇంకొకడు కాళ్లు పడతాడు. అందరికంటే ఎక్కువగా ఏడ్చేది జంగయ్య అనే పాత ఖైదీ. పెద్దాయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఇంతమందికి క్రెడిట్లు తెచ్చిపెట్టిన దేవసహాయానికి మాత్రం తన ఖాతాలో ఏమీ లేదు. సొంత దుఃఖంలో మునిగిపోయినవాడు ఇంకొకరి దుఃఖం ఏం చూస్తాడు?

ఆఫీసు గదిలో కూర్చుని ఇందుమతి గణకిని అడిగింది, వీళ్ల ఏడుపులో నటన ఏమైనా ఉందా అని. రవ్వంత కూడా లేదంది గణకి.

"అయితే ఆ అమ్మాయికే ఇంకా కోపం తగ్గలేదన్నమాట," అంది ఇందుమతి తనలో తను అనుకుంటున్నట్టు.

"వినీల ప్రతి ములాఖత్ రోజునా గేటు దాకా వచ్చింది," అంది గణకి.

ఇందుమతి ఉలిక్కిపడింది. "మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదు. నేను తూచేది మనసుల్ని. వచ్చేపోయేవాళ్ల సంగతి ములాఖత్ గదిలో ఉండే ఖైదీ చూసుకుంటాడు."

ఎన్ని యంత్రాలొచ్చినా ములాఖత్ గదిలో పేర్లు పిలిచే పని మాత్రం నమ్మకస్తుడైన పాత ఖైదీకే అప్పగించడం ఆ జైలు ఆనవాయితీ. ఆ నమ్మకస్తుడు జంగయ్యే. పిలిపించి అడిగితే ఏమీ దాచలేదు. మీ నాయన నీకు మొహం చూపించలేనంటున్నాడని కూతురికి చెప్పేవాడట. నీ బిడ్డ రాలేదని తండ్రికి చెప్పేవాడట. బ్యారక్‌లో పెద్దాయనకి తప్ప అందరికీ ఈ సంగతి తెలుసట.

ఇందుమతికి ఒళ్లు మండిపోయింది. "ఇంత పని చేసి, మళ్లీ ఆయన పక్కన కూర్చుని దొంగ ఏడుపులా?"

"దొంగేడుపు గాదు మేడమ్. ఆయన్ని జూస్తే నాకు నిజంగనే పానం తల్లడిల్లుతది. మీ మిషనే చెప్తది గద."

"మరి ఆ అమ్మాయిని ఎందుకు వెనక్కి పంపావు?"

జంగయ్య తల దించుకున్నాడు. "బిడ్డొస్తే ఆయన మంచిగైతడు. ఆయన మంచిగైతే మేమెవల కోసం ఏడ్వాలె? నా పిల్లలు గూడ ఎదురుచూస్తున్నరు మేడమ్. వచ్చే నెల నేను బయటికి పోత."

అతన్ని పంపేసి ఆవిడ ఆ బ్యారక్ లెక్కలన్నీ మళ్లీ చూసింది. తను కనిపెట్టిన యంత్రం తప్పు చెప్పలేదు. అందుకే ఆవిడకి భయం వేసింది.

మర్నాడు ములాఖత్ రోజు కూడా. కమిటీ రాకముందే వినీల వచ్చిందని గణకి చెప్పింది. ఆ అమ్మాయిని తనే తండ్రి దగ్గరికి తీసుకెళ్లాలని ఇందుమతి గబగబా బయల్దేరింది. వరండాలో సగం దూరం నడిచేసరికి అడుగులు నెమ్మదించాయి. ఇవాళ తండ్రీ కూతుళ్లు కలుసుకుంటే జరిగిందంతా కమిటీ ముందు బయటపడుతుంది. కరుణామాపకం మూలపడుతుంది. బయటికెళ్లబోతున్న వాళ్ల క్రెడిట్లన్నీ రద్దవుతాయి. మిగతా జైళ్లలో మారగలిగిన మనుషుల మాటేమిటి? కమిటీ వెళ్లిపోయాక అన్నీ తనే సరిచేస్తుంది. ఒక్క నెలే కదా. ఆవిడ ఈ మాట మనస్ఫూర్తిగానే అనుకుంది.

గేటు దగ్గర వినీల స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఈసారైనా నాన్న ఒప్పుకున్నారా అని అడిగింది. ఈపాటికి ఆ పెద్దాయన స్నానం చేసి, తల దువ్వుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటాడని తలుచుకునేసరికి ఇందుమతి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఇంకా మనసు కుదుటపడలేదమ్మా ఆయనకి," అంది. "వచ్చే నెల రా."

వినీల ఆవిడ కళ్లలోకి చూసి, డబ్బా చేతికిచ్చింది.

"పోన్లెండి మేడమ్. మా నాన్న కోసం ఇంతగా బాధపడే మనుషులు లోపలున్నారు. నాకదే ధైర్యం."