డమ్మీగా ఉన్నప్పుడు కూడా

"డైరెక్టర్!"

పిలకవాడు చెయ్యెత్తి అరిచిన అరుపుకి హాల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు.

బ్రిడ్జ్ పేకాటలో అంతర్జాతీయ యూత్ టీమ్ పోటీ. సెమీఫైనల్లో సగం ఆట అయింది. పిలకవాడిది ఎదుటి జట్టు. ఇటు జంటలో అమ్మాయిని టీమంతా టపాకాయ అంటారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆమెకి ఎదురుగా కూర్చునే పార్ట్‌నర్ పేరు నత్త. సైకిల్ షాపులో పంక్చర్లు ఎంత చకచకా వేస్తాడో, ఇక్కడ ఒక్క ముక్క వెయ్యడానికి అంత తాత్సారం చేస్తాడు.

"ఇతను మాటిమాటికీ ఆ అమ్మాయి మొహంలోకి చూస్తున్నాడు. కళ్ళతో సైగలు చేసుకుంటున్నారు," అన్నాడు పిలకవాడు.

ఇంతకన్నా పెద్ద నింద బ్రిడ్జ్‌లో లేదు. చేతిలో ఏమున్నాయో పార్ట్‌నర్‌కి, ఎన్ని పట్లు కొడతామో పాడే బిడ్డింగ్ కార్డులతోనే చెప్పాలి. కంటితో చెబితే దొంగాటే.

టీమ్ కెప్టెన్ టపాకాయకి సొంత మేనమామ. ఆమెని పక్కకి లాగాడు.

"రెండో సగం మీరిద్దరూ ఆడకుండా పక్కన కూర్చోండే. ఇంకో జంటని దింపుతాను. గొడవ సద్దుమణుగుతుంది."

"కూర్చుంటే తప్పు ఒప్పుకున్నట్టే మావయ్యా. చచ్చినా కూర్చోను."

"పరువు పోతుందే!"

"పోయిన పరువు నేను కూర్చుంటే తిరిగొస్తుందా?"

ఆటలో తగువులు తీర్చే డైరెక్టర్ నెరిసిన జుట్టు పెద్దావిడ. అందర్నీ పక్క గదిలోకి పిలిచింది. కిటికీ అద్దాల మీద వాన టపటపా కొడుతోంది.

"చూశావా, లేదా?" అని నత్తని అడిగింది.

"చూశానండీ," అన్నాడు నత్త.

"ఎందుకు?"

నత్త నేల చూపులు చూశాడు. టపాకాయకి ఒళ్ళు మండింది.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయారా? చెప్పు!"

ఇక తనే వకాల్తా పుచ్చుకుని పిలకవాడి మీదికి తిరిగింది.

"ఎప్పుడెప్పుడు చూశాడు?"

"ఎప్పుడూ అదే పని! నువ్వు డమ్మీగా ఉన్నప్పుడు కూడా!"

దొరికాడు! "విన్నారుగా మేడమ్? డమ్మీ అంటే నా ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి, చేతులు కట్టుకు కూర్చోవడమే. అందరికీ కనిపిస్తున్న ముక్కల గురించి నేను సైగేం చేస్తాను? అప్పుడు నా మొహంలో చూడ్డానికి ఏముంటుంది?"

"అదే నేనూ అడుగుతున్నా. మరి ఎందుకు చూస్తున్నట్టు?" అంది డైరెక్టర్ మెల్లగా.

టపాకాయ వాదన తిరిగొచ్చి ఆమె నెత్తి మీదే కూర్చుంది. చెవులు వేడెక్కాయి.

నత్త తలెత్తాడు.

"ముక్కలున్నా చూస్తానండీ, లేకపోయినా చూస్తాను. బస్సులో చూస్తాను, క్యాంటీన్లో చూస్తాను. తను నన్ను తిడుతున్నప్పుడు ఇంకాస్త ఎక్కువ చూస్తాను. తప్పయితే నన్ను తీసెయ్యండి. తను మాత్రం దొంగాట ఆడే మనిషి కాదు."

అంత మాట అతను తడుముకోకుండా చెప్పడం అదే మొదటిసారి. మావయ్యకి పొలమారింది.

"నేను నమ్మితే చాలదు, అందరూ నమ్మాలి," అంది డైరెక్టర్. "మధ్యలో తెర పెడతాను. మీరిద్దరూ ఒకరికొకరు కనిపించరు. ఆడతారా?"

"గోడ కట్టినా ఆడతాం," అంది టపాకాయ. నత్త వైపు మాత్రం చూడలేదు.

బల్లకి అడ్డంగా తెర నిలబెట్టారు. ఇటు టపాకాయ, ఆమెకి ఎడమ పక్క పిలకవాడు. అటు నత్త. బిడ్డింగ్ కార్డులు ట్రేలో తెర కింద నుంచి అటూ ఇటూ జరుగుతున్నాయి.

ఆఖరి ఆటకి వచ్చేసరికి కాస్త వెనకబడి ఉన్నారు. ట్రే అటు వెళ్ళి తిరిగొచ్చింది. అందులో నత్త పెట్టిన కార్డు: ఆరు ఆఠీన్లు. అంటే పదమూడు పట్లలో పన్నెండు టపాకాయ కొట్టాలి. నా మీద ఇంత నమ్మకమా వీడికి, అనుకుంది.

తెరలో చిన్న కిటికీ తెరుచుకుంది. ఈసారి డమ్మీ నత్త. ముక్కలు పరిచే చేతులు మాత్రమే కనిపించాయి, గోళ్ళ అంచున ఎంత కడిగినా పోని గ్రీజుతో. ఆమెకి ఆ మొహం చూడాలనిపించింది. ఇన్నాళ్ళూ ఎదురుగానే ఉంటే ఒక్కనాడూ సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

చివరికి అంతా ఇస్పేటు రాజు దగ్గర ఆగింది. అది పిలకవాడి దగ్గరుంటే గెలుపు, తెర అవతలివాడి దగ్గరుంటే ఇంటిదారి. టపాకాయ చిన్న ఇస్పేటు వేసింది. పిలకవాడు కూడా చిన్నదే వేసి, ఎన్నడూ లేనంత శ్రద్ధగా పైనున్న ఫ్యాను కేసి చూశాడు.

రాజు ఇతని దగ్గరే ఉంది! ప్రత్యర్థి మొహం చదవడాన్ని ఏ రూలూ కాదనదు.

"డమ్మీలోంచి రాణి," అంది.

అవతలి నుంచి రాజు రాలేదు. పన్నెండు పట్లూ పూర్తయ్యాయి. రెండో టేబుల్ దగ్గర ఆడిన వాళ్ళ జట్టు జంట స్కోరు కూడా కలిసేసరికి ఫైనల్ ఖాయమైంది.

తెర తీసేశారు. నత్త తల వంచుకుని, సర్దిన ముక్కల్నే మళ్ళీ సర్దుతున్నాడు. మావయ్య పరుగున వచ్చాడు.

"మీ అమ్మకి ఏం చెప్పమంటావే?"

"గెలిచామని చెప్పు. మిగతాది నేను చెప్పుకుంటా."

టపాకాయ బల్ల మీద మోచేతులు ఆనించి, గడ్డం అరచేతుల్లో పెట్టుకుని, నత్త తలెత్తేదాకా అలాగే చూస్తూ కూర్చుంది. అతను ఎత్తాడు. ఎర్రబడ్డాడు. ఆమె చూపు మాత్రం తిప్పలేదు.

పిలకవాడు నోరెళ్ళబెట్టి నిలబడిపోయాడు.

"ఏంటలా నిలబడ్డావ్? పిలువు డైరెక్టర్ని," అంది అతనితో, నత్త మీంచి కళ్ళు తియ్యకుండానే. "ఈసారి చూస్తోంది నేను."