నాలుగింటి సున్నా

మా ఆస్పత్రి స్టోరు నేలకింద గదిలో ఉంటుంది. స్పిరిటు వాసన, రబ్బరు వాసన, ఒక కొస మాత్రమే వెలిగే ట్యూబ్‌లైటు. దూది, సూదులు, దుప్పట్లు అన్నీ కొనేది నేనే. నిజానికి కొనేది కంప్యూటరు. ఏది ఎంత మిగిలింది, ఎప్పటికి అయిపోతుంది అని లెక్క చూసుకుని, రోజూ సాయంత్రం నాలుగింటికి కొనాల్సినవాటి జాబితా ఇస్తుంది. మనం ఒక్కో లైనూ చూసి సరే అంటే అది ఆర్డరైపోతుంది.

నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన్ని అందరం సున్నా మేష్టారు అనేవాళ్ళం. రోజూ నాలుగింటికి ఒకే ఒక్క లైను పట్టుకుని, ఎన్ని కావాలి అన్నచోట సున్నా కొట్టేవారు. ఏ లైనో ఎవరికీ చూపించేవారు కాదు. ఆదివారాలు, సెలవులు, ఆఖరికి జ్వరంలో కూడా వచ్చి కొట్టి వెళ్ళేవారు. ఆ సున్నా పడకపోతే ఆయనకి అన్నం సహించదని నవ్వుకునేవాళ్ళం. రిటైరైన రోజు నన్ను పక్కకి పిలిచి, నాలుగింటి సంగతి మాత్రం మరిచిపోకు అన్నారు. చాదస్తం అనుకున్నాను.

మర్నాడే ఒక రూలు రాసిపెట్టాను. చవక వస్తువులన్నీ ఎవరూ చూడక్కర్లేకుండా, నా పేరు మీద వాటంతటవే ఆర్డరైపోవాలి. మూడు గంటల పని మూడు నిమిషాలకొచ్చింది. కాలు మీద కాలేసుకుని టీ తాగాను.

వారం తిరక్కుండా మేష్టారి భార్య పోయారు. పరామర్శకి వెళ్ళాను. ఆయన ఏడవలేదు. నాలుగింటికి చూస్తున్నావా అని మెల్లిగా అడిగారు. అదే చేసుకుంటోందండీ, నేను చూడక్కర్లేదు అని కాస్త గర్వంగానే చెప్పాను. తలూపి, మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నారు.

ఆ ప్రశ్న పంటికింద రాయిలా ఉండిపోయింది. మర్నాడు వాన. మూడింటికే బయట చీకటి పడింది. ముందు నా రూలు తీసేసి, వెళ్ళిపోయిన ఆర్డర్లు తిరగేశాను. శవాన్ని చుట్టే తెల్లగుడ్డ, ఒకటి. ఎవరి కోసం అన్నచోట ఎప్పుడూ వార్డు పేరుంటుంది. ఇక్కడ మేష్టారి ఇంటి చిరునామా ఉంది. పాత జాబితాలు తీశాను. పంతొమ్మిదేళ్ళుగా రోజూ అదే లైను, అదే చిరునామా. రోజూ సున్నా. నేను రూలు పెట్టిన రోజు మాత్రం... ఒకటి.

ఇంతలో నాలుగైంది. కొత్త జాబితా వచ్చింది.

తెల్లగుడ్డ. ఒకటి. రేపటికి. మా ఇంటి చిరునామా.

మా ఇంట్లో ఉండేది అక్కా నేనూ. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. గుడ్డ కొలత అయిదడుగుల మనిషికి సరిపడా ఉంది. నేను ఆరడుగులుంటాను.

సున్నా కొట్టాను. మేష్టారికి ఫోను చేశాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

"సున్నా కొడితే పోతుందా అండీ?"

"పోదు బాబూ. రేపటికి జరుగుతుంది."

"ఎన్నాళ్ళు?"

"నేను పంతొమ్మిదేళ్ళు జరిపాను" అన్నారు.

ఎనిమిది నెలలైంది. రోజూ కొడుతున్నాను. భయం కూడా అలవాటైపోయింది. పళ్ళు తోముకున్నట్టు ఒక సున్నా కొట్టేసి ఇంటికి వెళ్తాను. ఊళ్ళు వెళ్ళడం మానేశాను. ఆదివారం కూడా వెళ్ళి ఏం మూటగట్టుకొస్తావురా అని అక్క దెప్పుతుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. స్టోర్లో నాకూ సున్నా అనే పేరు పెట్టారట.

ఇవాళ నాలుగింటికి జాబితా వచ్చింది. ఆ లైను లేదు.

మళ్ళీ వెతికాను. లేదు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఏడుపొచ్చింది. పీడ వదిలిందనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, ఎందుకు లేదో నొక్కి చూశాను.

అవసరం అలాగే ఉంది. ఇవాళ్టి తేదీతో ఉంది. కొనక్కర్లేదట, అంతే. స్టాకులో ఒకటి ఉందట.

ఉన్న చోటు... మా ఇల్లు.

ఫోను చేశాను. మోగింది... మోగింది... ఎత్తింది.

"అక్కా, ఇంటికేమైనా వచ్చిందా?"

"ఆ, తెల్ల దుప్పటి. నువ్వేగా పంపావు? కాగితం మీద నీ పేరే ఉంది, తేదీ మాత్రం ఎప్పుడో ఎనిమిది నెలల కిందటిది."

"దాన్ని ముట్టుకోకు."

"పొద్దుట్నించీ ఒకటే చలిరా. కప్పుకుని పడుకున్నాను... ఎంతసేపైనా వెచ్చబడటం లేదు."