పసుపంటిన క్వార్టర్

సోమవారం అమెరికాలో అమర సైనికులను తలుచుకునే మెమోరియల్ డే సెలవు కావడంతో రెడ్‌మండ్‌లోని ఆ ఇల్లు ఆలస్యంగా నిద్ర లేచింది. అంకిత పెసరట్టు తిరగేస్తోంది. ఆమె తల్లి కోటమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టి, ముడుపు మూటను కళ్ళకద్దుకుంది.

అంకితకు ఉద్యోగం పోయి నలభై రోజులైంది. ఇంకో ఇరవై రోజుల్లో కొత్తది దొరక్కపోతే వీసా గడువు తీరి కుటుంబమంతా పెట్టేబేడా సర్దుకోవాల్సిందే. అందుకే కోటమ్మ నిన్న సాయంత్రం వెంకన్నకు మొక్కుకుని తడి పసుపు గుడ్డలో ముడుపు కట్టింది. ఉద్యోగం వచ్చేదాకా ఆ ముడి విప్పకూడదు. అంకిత నవ్వింది కానీ వద్దనలేదు.

"అమ్మమ్మా, అందులో ఏముంది?" పదేళ్ల మనవరాలు కృతి అడిగింది.

"పదకొండు రూపాయి బిళ్ళలమ్మా. నిన్న డొరతీ కొడుకు సమాధి మీద దొరికిన బిళ్ళ కూడా వేశాను. పాపం, ఎవరో పారేసుకున్నారు. అలాంటి చోట దొరికింది దేవుడికే చెందాలి."

డొరతీ పక్కింటావిడ. ఒక్కగానొక్క కొడుకు పంతొమ్మిదేళ్ల క్రితం ఇరాక్ యుద్ధంలో పోయాడు. తుంటి ఆపరేషన్ అయ్యి కదల్లేక, ఈసారి పూలు పెట్టి రమ్మని వీళ్ళని అడిగింది. అంకిత కార్ పార్క్ చేసి వచ్చేలోపే కోటమ్మ ఆ సమాధి రాయిని తులసికోటలా కడిగేసింది. బిళ్ళను కొంగున కట్టుకుంది.

కృతి మొహం పాలిపోయింది. "ఏ కాయిన్? పెద్దదా?"

"పెద్దదే. తెల్లది."

"క్వార్టర్! పావు డాలర్ కాయిన్! అమ్మమ్మా, అది పారేసింది కాదు. స్కూల్లో చెప్పారు. సోల్జర్ గ్రేవ్ మీద ఒక్కో కాయిన్‌కి ఒక్కో అర్థం. పెన్నీ పెడితే, చూడ్డానికి వచ్చాను అని. నికెల్ అంటే కలిసి ట్రైనింగ్. డైమ్ అంటే కలిసి పని చేశారు. క్వార్టర్ అంటే... అతను చనిపోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను అని."

వంటింట్లో పెసరట్టు మాడుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. అంత చిన్న బిళ్ళ అంత మాట చెప్పగలదా అని కోటమ్మ మూట వైపు చూసింది.

"ఇక్కడ ఏదీ ముట్టుకోకమ్మా అని ఎన్నిసార్లు చెప్పాను!" అంకిత గొంతు లేచింది. "డొరతీకి తెలిస్తే? ఉండు, నా పర్స్‌లో క్వార్టర్ ఉంది. పెట్టేసి వస్తా. ఎవరికి తెలుస్తుంది?"

"నువ్వు పెడితే అబద్ధమవుతుందే," అంది కోటమ్మ మెల్లగా. "ఆ పిల్లాడు పోయేటప్పుడు నువ్వు పక్కన ఉన్నావా?"

తల్లి మూట చేతిలోకి తీసుకోగానే అంకిత చెయ్యి పట్టుకుంది. "అమ్మా... విప్పకూడదన్నావు కదా." నిన్న నవ్విన మనిషి కళ్ళలో ఇవాళ భయం.

"వెంకన్నకి నేను చెప్పుకుంటాలే. ఆయనకీ ఓ తల్లి ఉంది."

ముడి విప్పింది.

డొరతీ తలుపు కోటమ్మే కొట్టింది. బిళ్ళ చూపించి, జరిగిందంతా చెప్పింది. కృతి ఇంగ్లీషులోకి మార్చింది. డొరతీ చాలాసేపు ఆ క్వార్టర్‌నే చూసింది. కొడుకు చివరి క్షణంలో పక్కన ఎవరైనా ఉన్నారా అని ఆవిడ సైన్యానికి ఎన్నో ఉత్తరాలు రాసింది. ఎవరూ చెప్పలేకపోయారు.

"అయితే నా బిడ్డ ఒంటరిగా పోలేదు," అంది చివరికి. కోటమ్మ భుజం మీద వాలి చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ మాట కృతి తెలుగులో చెప్పేలోపే కోటమ్మకూ కన్నీళ్ళు ఆగలేదు.

ఆ మధ్యాహ్నమే వీల్‌చెయిర్‌లో ఆవిడను సమాధి దగ్గరికి తీసుకెళ్లారు. బిళ్ళకు మూటలో అంటిన పసుపును కోటమ్మ కొంగుతో తుడవబోతే డొరతీ వద్దని చెయ్యి ఊపింది. పసుపుతోనే ఆ క్వార్టర్‌ను రాయి మీద పెట్టింది. చుట్టూ వందల రాళ్ళు. కొన్నిటి మీద పెన్నీలు, కొన్నిటి మీద డైములు మెరుస్తున్నాయి. వచ్చినవాళ్ళు పేరైనా చెప్పుకోకుండా పెట్టి వెళ్లిన మాటలవి. నిన్న ఈ దారినే నడిచిన కోటమ్మ ఇవాళ చెప్పులు విప్పి చేత పట్టుకుంది.

"నేనేం పెట్టాలే, కృతీ?"

"పెన్నీ, అమ్మమ్మా. చూడ్డానికి వచ్చాను అని."

కోటమ్మ దగ్గర పెన్నీ లేదు. ముడుపులోంచి ఒక రూపాయి తీసి క్వార్టర్ పక్కన పెట్టింది.

వెనక నుంచి అంకిత చెయ్యి చాపింది. ఉద్యోగానికి ఇంకా ఇరవై రోజులే గడువు. మూట సగం విప్పే ఉంది.

"అమ్మా, నాకూ ఒకటివ్వు."