గౌను చేతికి పడిన చిల్లు

బీరూట్‌లోని ఆ పోలీస్ స్టేషన్‌లో పొద్దున్నుంచీ నర్సు నజా బెంచీ మీదే కూర్చుని ఉంది.

ఫిర్యాదు ఒక్క వాక్యమే. మురికి చేతులతో కట్టు కట్టి, ఆపరేషన్ చేయించుకున్న జుమానా రొమ్మును పాడు చేసిందని. సంతకం జుమానా తల్లి ఇఫ్ఫత్‌ది. రుజువైతే నజా లైసెన్స్ పోతుంది, జైలు కూడా తప్పదు.

"కట్టు కట్టింది నువ్వేనా?" ఇన్‌స్పెక్టర్ నుహాద్ అడిగింది.

"నేనే మేడమ్. గ్లౌజులు వేసుకునే కట్టాను."

"మరి చర్మం ఎందుకు నల్లబడింది?"

"అది తెలిస్తే ఇక్కడెందుకు కూర్చుంటాను?"

నుహాద్‌కు ఆ విసుగు నచ్చింది. తప్పు చేసినవాళ్లు ఇంకాస్త వినయంగా మాట్లాడతారు. ఆమె నజాను వెంటబెట్టుకుని జుమానా ఇంటికి బయల్దేరింది. ఆపరేషన్ చేసిన డాక్టర్ గస్సాన్‌నూ అక్కడికే రమ్మంది.

ఇంటి నిండా చూడవచ్చిన చుట్టాలు. బల్ల మీద చాక్లెట్ల పళ్లెం, యాలకుల కాఫీ. బాల్కనీలో హుక్కా గుడగుడమంటోంది.

"ఈ మనిషిని మళ్లీ నా గడప ఎందుకు తొక్కించారు?" ఇఫ్ఫత్ అడ్డం నిలబడింది.

"తొక్కనివ్వండమ్మా. అరిగిపోదు," అని నుహాద్ లోపలికి నడిచింది.

జుమానా మంచం మీద ఒరిగి ఉంది. ముఖంలో రక్తం లేదు.

"ఇద్దరు పిల్లలకు పాలిచ్చాక రొమ్ములు జారిపోయాయి. అద్దం చూస్తే ఏడుపొచ్చేది. అందుకే పైకెత్తి కుట్టించుకున్నాను," అంది. "ఇప్పుడు కట్టు విప్పాలంటేనే భయమేస్తోంది."

"జ్వరం వచ్చిందా?"

"లేదు."

"చీము?"

"లేదు. నల్లగా, పొడిగా ఉంది. ముట్టుకుంటే తెలియట్లేదు."

నుహాద్ డాక్టర్ వైపు తిరిగింది. "జ్వరం లేదు. చీము లేదు. మురికి చేతులు ఏం చేసినట్టు?"

గస్సాన్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇది ఇన్ఫెక్షన్ కాదు. రక్తం అందక చర్మం చచ్చిపోతోంది."

"ఈ ముక్క ఇంతవరకు ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు."

"పాపం, అడగందే నోరు పెగలదన్నమాట. రక్తం ఎందుకు అందదు?"

"చర్మం కోసి, చనుమొనను పైకి జరిపి కుడతాం. దాన్ని బతికించేది సన్నటి రక్తనాళాలే. పొగ తాగితే అవి ముడుచుకుపోతాయి. కానీ ఈమె తాగదు."

"ఎవరన్నారు?"

"వాళ్లమ్మగారే."

"మా ఇంటి ఆడపిల్లలు సిగరెట్ ముట్టరు," ఇఫ్ఫత్ గట్టిగా అంది.

నుహాద్ చూపు జుమానా గౌను మీద ఆగింది. ముందువైపు గుండీలున్న తెల్ల గౌను. మోచేతి దగ్గర చిన్న చిల్లు. అంచులు గోధుమరంగుకు తిరిగాయి.

"ఈ గౌను ఎప్పటిది?"

"ఆపరేషన్ అయ్యాక క్లినిక్‌లో ఇచ్చారు."

"ఈ చిల్లు?"

"ఇస్త్రీ పెట్టె కాల్చింది," అంది తల్లి.

"మినపగింజంత ఇస్త్రీ పెట్టె నేనెక్కడా చూడలేదమ్మా." నుహాద్ వంగి ఆ గౌను చేతిని వాసన చూసింది. యాపిల్ వాసన, బాల్కనీలోని హుక్కా పొగదే. "జుమానా, నిప్పురవ్వ ఎక్కడ పడింది?"

"బాల్కనీలో. సాయంత్రం అందరూ కూర్చుంటాం కదా. గొట్టం నా చేతికీ వస్తుంది."

"అంటే నువ్వు పొగ తాగుతావు."

"హుక్కానా?" జుమానా నిజంగానే తెల్లబోయింది. "అది నీళ్లలోంచి వస్తుంది కదా."

గస్సాన్ కుర్చీలో కూలబడ్డాడు. "నేను సిగరెట్ గురించే అడిగాను. నీళ్లలోంచి వచ్చినా నికోటిన్ నికోటినే. ఆపరేషన్‌కు నెల ముందు మానాలి, తర్వాత మరో నెల దాని జోలికి పోకూడదు."

"బీరూట్‌లో ప్రాక్టీసు పెట్టుకుని హుక్కా సంగతి అడగలేదా?"

అతను తలెత్తలేదు. "నల్లబడింది తిరిగిరాదు. ఇవాళే మానితే మిగిలింది దక్కొచ్చు."

"బొగ్గులు రాజేసేదెవరు?"

ఇఫ్ఫత్ తన వేళ్ల చివర్లు చూసుకుంది. అవి మసిబారి ఉన్నాయి.

"నేనే," అంది. "నొప్పి మరిచిపోతుందని రోజూ మంచి బొగ్గు ఏరి మరీ పెట్టాను. నా బిడ్డకు నా చేత్తోనే."

ఆమె బాల్కనీలోకి వెళ్లి కాఫీ అంతా నిప్పుల మీద కుమ్మరించింది. తిరిగొచ్చి నుహాద్ ముందు నిలబడింది.

"ఆ ఫిర్యాదు చించేయండి."

"అది నేను చూసుకుంటాను. మీరు చెప్పాల్సింది నాకు కాదు."

ఇఫ్ఫత్ నజా వైపు తిరిగింది.

"కట్టు మార్చే వేళైందమ్మా," అంది. పక్కకు జరిగి మంచం వైపు దారిచ్చింది.

నజా తన చొక్కా చేతులు పైకి మడుచుకుని కుళాయి తిప్పింది. ఇఫ్ఫత్ కళ్లముందే, సబ్బుతో, మోచేతుల దాకా, చాలాసేపు చేతులు కడుక్కుంది.