రెండు మళ్ల పుంటికూర

“మంగయ్య కాల్లో బుల్లెట్ తీశాం. పుండు కుళ్లుతోంది, పెన్సిలిన్ దొరకదు. రేపు సాయంత్రానికి మందాకు రాకపోతే కాలు తీసేస్తారు,” అన్నాడు చీఫ్. 1948 వేసవి, కోదాడ రహస్య స్థావరం.

ఏజెంట్ చంద్రమౌళి వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు. మంగయ్య అడ్డం రాకపోతే ఆ బుల్లెట్ తనదే.

“మిర్యాలగూడలో డాక్టర్ కైలాసం ఒకే గోంగూర విత్తనం రెండు మళ్లలో వేశాడు. నీడమడిలో నీళ్లు తాగి ఏపుగా పెరిగింది కూరకే పనికొస్తుంది. గులకనేలలో, ఎండలో మాడి జానెడే ఎదిగిన దాని పసరుకి పుండులోని క్రిములు చస్తున్నాయి. ఈ ఆకు కోసం విదేశీ ముఠా తిరుగుతోంది. ఏ మడిదో వాళ్లకింకా తెలియదు. నువ్వు సూర్యాపేట కూరగాయల బేరగాడివి. అక్కడ గోంగూర అనరు, పుంటికూర అంటారు. నోరు జారావో, ప్రాణం జారినట్టే.”

చంద్రమౌళి పుట్టింది గుంటూరులో. దారిపొడవునా పుంటికూర, పుంటికూర అని జపం చేస్తూ వెళ్లాడు.

తోట గేటు దగ్గర నల్లకళ్లద్దాలు, తెల్లచీర, గుప్పున సెంటు వాసన.

“ఏం గావాలె?” అందా అందగత్తె.

“గోంగూర.”

పుట్టుకతో వచ్చింది పుడకలతోగాని పోదు మరి. ఆమె నవ్వి కళ్లద్దాలు తీసింది. సువర్ణ! డిపార్ట్‌మెంట్ ఫొటోల్లో చూసిన మొహమే. మన జీతం తింటూ ముఠా కంచంలోనూ చెయ్యి పెడుతోందని ఆమె పిస్టల్ చూశాకే అతనికి అర్థమైంది. జేబులోని పెన్ను పిస్టల్ మీట నొక్కాడు. చొక్కా మీద సిరా కారింది.

కాసేపటికి వరండాలో డాక్టరూ అతనూ కుర్చీలకు కట్టేసి ఉన్నారు. డాక్టర్ నోట్లో గుడ్డ కుక్కారు.

“ఏ మడి? జల్ది చెప్పు. ఒక కట్ట కోసుకపోత, మిగిలింది జీపుతోని తొక్కిస్త.”

అబద్ధమాడదామంటే, ఇందాక గోంగూర అన్నట్టే మళ్లీ ఎక్కడ నోరు జారి దొరికిపోతాడోనని భయం. మంగయ్య కాలు తలపుకొచ్చింది. చేతకానితనానికి ఏడుపొచ్చింది.

“ఎండమడి,” అన్నాడు. నిజమే చెప్పాడు.

డాక్టర్ మూలిగాడు. డ్రైవర్ జీపును ఎండమడి గట్టు దాకా తెచ్చాడు. సువర్ణ వంగి, ఎర్రబారిన ఆ గిడసమొక్కలను చూసింది. ముందుచక్రం గట్టెక్కుతోంది.

“ఆగు. గిదా మందు? మేకలు గూడ ముట్టయి. నన్ను పిచ్చిదాన్ననుకున్నవా?”

నీడమడిలో నిగనిగలాడే కట్ట కోయించింది. ఆ మడిలో మిగిలిన పచ్చదనమంతా జీపు కింద ముద్దయింది. మొక్కలకు నీళ్లు పెట్టడానికొచ్చిన తోటపనిమనిషి సత్తమ్మ కట్లు విప్పేసరికి ముఠా ఊరు దాటింది.

గడువులోపే స్థావరానికి చేరిన ఎండమడి ఆకు పసరు పుండు మీద పడగానే మంగయ్య పళ్లు కొరికాడు.

“ఏం ఆకురా ఇది?”

“పుంటికూర.”

“మీ గుంటూరు గోంగూరేగా, సక్కగ చెప్పొచ్చుగా. అయినా ఆ సువర్ణ చేతికి చిక్కి ఎట్ల తప్పించుకున్నవ్?”

“నిజం చెప్పాను.”

“నాకాడ కోతలెందుకురా?”

పుండు మానింది, కాలు దక్కింది. చంద్రమౌళి మాత్రం తన రిపోర్టులో ఎనిమిదిమందితో భీకరంగా పోరాడానని రాశాడు. చీఫ్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మాడు.