అడ్డం నిలబడ్డవాడు

ఆ ఏడు నోవై ఊళ్ళో మొదటి మంచు నవంబర్‌లోనే పడింది. కిటికీ అవతల పార్కింగ్ లాట్ పిండి జల్లినట్టు తెల్లబడుతుంటే, జితేందర్ తన సీట్లోనే కూర్చుని పులిహోర తింటూ పని చూసుకుంటున్నాడు. సగంమంది ఇంటినుంచే పనిచేస్తున్నారు. ఆఫీసు ప్రశాంతంగా ఉంది.

కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో అతనిది నెట్‌వర్క్ పని. కంపెనీ ఇచ్చిన ప్రతి లాప్‌టాప్‌లోనూ ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. నెట్ ఎంత వేగంగా వస్తోందో, వైఫై సిగ్నల్ ఎంత బలంగా ఉందో అది నిమిషానికోసారి కొలిచి పంపిస్తుంది. ఆ కొలతలన్నీ ఎక్కడో సర్వర్‌లో గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని బయటికి తీయడానికి జితేందర్ ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, వాడతాడు. కౌంటర్ దగ్గర చీటీ ఇస్తే గోడౌన్‌లోంచి సరుకు తెచ్చి ముందు పెట్టే మనిషి లాంటిదది. ఏ లాప్‌టాప్, ఏ కొలత, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని నాలుగు లైన్ల క్వెరీ రాసి రన్ చేస్తే చాలు. ఎందుకు అని అడగదు. తెచ్చి ఇస్తుంది.

ఆ మధ్యాహ్నం అతను లాప్‌టాప్ పేరు రాయాల్సిన చోట తన భార్య లాప్‌టాప్ పేరు రాశాడు.

విద్య కూడా అదే కంపెనీలో పనిచేస్తుంది. ఫ్లైట్‌లో వెళ్ళాల్సినంత దూరంలో ఉన్న ప్లేనో ఆఫీసులో పెద్ద పోస్టు పడితే ఇద్దరూ అప్లై చేశారు. ఆమెకొచ్చింది. జితేందర్ కేక్ తెచ్చాడు, అందరి ముందూ చప్పట్లు కొట్టాడు. ఆ కేక్ ముక్క గొంతు దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఆగస్టులో ఆమె ప్లేనోలో ఒక టౌన్‌హౌస్ అద్దెకి తీసుకుని వెళ్ళిపోయింది. సామాను సర్ది, తనకంటూ ఒక తాళంచెవి తీసుకుని అతను తిరిగొచ్చాడు. అప్పటినుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆమె నోట ఒకటే పేరు, అక్కడి కొలీగ్‌ది. "అనీష్ డ్రాప్ చేశాడు." "అనీష్‌కి నీ కంటే బాగా తెలుసు ఇక్కడి రోడ్లు." "అనీష్ జోకులు వింటే చచ్చిపోతావ్ జితూ."

అనీష్‌ని జితేందర్ ఒకసారి మీటింగ్‌లో చూశాడు. ఆరడుగుల మనిషి. పలువరస బాగుంటుంది.

రన్ కొట్టాడు. గడిచిన గంటకి విద్య ఇంట్లో వైఫై సిగ్నల్ గ్రాఫు గీత వచ్చింది. పైన, తిన్నగా, మచ్చ లేకుండా ఉంది. ఆమె అక్కడే కూర్చుని పనిచేసుకుంటోందని తెలిసింది. ఏదో తృప్తిగా అనిపించింది.

మర్నాడు ఊరుకోలేక మళ్ళీ చూశాడు. ఈసారి ముందురోజు మొత్తం అడిగాడు. పొద్దంతా గీత తిన్నగానే ఉంది. సాయంత్రం చీకటి పడేవేళకి మెట్టు దిగినట్టు ఒక్కసారి కిందికి పడింది. చాలాసేపు అక్కడే ఉండి, మళ్ళీ పైకి లేచింది.

అతని వేళ్ళు మౌస్ మీద ఆగిపోయాయి. అలాంటి గీత ఎప్పుడొస్తుందో అతనికి తెలుసు. సీనియర్ మూర్తిగారు చెప్పిన పాఠమే అది. అయినా ఎందుకైనా మంచిదని ఆయన్ని పిలిచి, ఎవరిదో చెప్పకుండా చూపించాడు.

మూర్తిగారు కళ్ళజోడు పైకెత్తి చూశారు. "రూటర్‌కీ లాప్‌టాప్‌కీ మధ్యలో ఎవరో నిలబడ్డారయ్యా. మనిషంటే ఏమిటి, నడిచే నీళ్ళబిందె. వైఫై దాంట్లోంచి దూరలేదు."

"కుర్చీనో బీరువానో జరిపి ఉండచ్చు కద సార్?"

"బీరువా అయితే గీత ఒకచోట ఆగుతుంది. ఇది చూడు, సన్నగా వణుకుతోంది. ఊపిరి తీసే మనిషి."

ఆ రోజు జితేందర్‌కి అన్నం సయించలేదు. తల పగిలిపోతుంటే ఎప్పట్లాగే నుదుటికి బామ్ రాసుకుని పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే అనీష్ ఆమె ఇంట్లో, కార్పెట్ మీద, కాలు మీద కాలు వేసుకుని కూర్చోకుండా, నిలబడి ఉన్నాడు. ఎందుకు నిలబడ్డాడు? ఆమె వంట చేస్తుంటే చూస్తున్నాడా?

ఆ తరవాత రోజూ చూడటమే పనైపోయింది. రోజూ అదే సమయానికి గీత పడుతోంది. ఒకరోజు సాయంత్రం వీడియో కాల్ చేసి, పక్క స్క్రీన్ మీద క్వెరీ పెట్టుకున్నాడు. నిమిషానికో చుక్క వస్తోంది. విద్య డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని బీన్స్ తరుగుతోంది. గీత పడింది.

"ఎవరన్న వచ్చిన్రా?" అన్నాడు.

"ఎవరొస్తారు? ఒక్కదాన్నే."

"కెమెరా ఒకసారి అటు తిప్పు."

విద్య కత్తి కింద పెట్టింది. "ఏంటి జితూ, రోజూ ఇదే? నా మీద నమ్మకం లేదా?"

"ఊకెనే అడిగిన. ఇల్లు చూద్దామని."

ఆమె విసురుగా ఫోన్ తిప్పింది. బూడిదరంగు కార్పెట్, సోఫా, టీవీ, పుస్తకాల షెల్ఫ్ మీద మినుకుమినుకుమంటున్న రూటర్. ఎవరూ లేరు. గీత మాత్రం కిందే ఉంది. వణుకుతోంది.

దాక్కున్నాడు అనుకున్నాడు జితేందర్. అసూయ పట్టినవాడికి ఖాళీ గది కూడా సాక్ష్యమే.

థాంక్స్‌గివింగ్ సెలవుల ముందు విద్య రెడ్‌మండ్ ఊరికి బయల్దేరింది. అక్కడుండే స్నేహితురాలు శ్రీవిద్యకి సీమంతం. "లాప్‌టాప్‌లో ఏదో టెస్ట్ రన్ అవుతోంది, తెరిచే పెట్టి వెళ్తున్నా," అంది. ఆ సాయంత్రం జితేందర్ చూశాడు. ఇంట్లో ఎవరూ ఉండకూడదు. గీత పడింది.

అంటే రెడ్‌మండ్ వెళ్ళలేదు. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ప్లేనో పక్కనున్న డాలస్‌కి ఫ్లైట్ ఎక్కాడు.

కారు అద్దెకి తీసుకుని ప్లేనో చేరేసరికి పొద్దు వాలుతోంది. టౌన్‌హౌస్ ముందు ఏ కారూ లేదు. తాళం చప్పుడు కాకుండా తీశాడు. లోపల నిలవ గాలి, వాడిన కరివేపాకు వాసన. పడగ్గది చూశాడు. బాత్రూమ్ చూశాడు. క్లోజెట్‌లో బట్టలు పక్కకి జరిపి మరీ చూశాడు. ఎవరూ లేరు. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద విద్య రెడ్‌మండ్ టికెట్ ప్రింటవుట్ ఉంది. నిజంగానే వెళ్ళింది.

సిగ్గుతో కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గుతోపాటు, ఎందుకో, కొంచెం నిరాశ కూడా.

ఎదురుగా డైనింగ్ టేబుల్ మీద విద్య లాప్‌టాప్ వెలుగుతోంది. గదికి ఆ చివర షెల్ఫ్ మీద రూటర్. మధ్యలో ఖాళీ కార్పెట్. అతను తన లాప్‌టాప్ తీసి పక్కన పెట్టుకుని క్వెరీ రన్ చేశాడు. గీత పైనే ఉంది. లేచి వెళ్ళి ఆ కార్పెట్ మీద నిలబడ్డాడు. కాసేపటికి గీత పడింది. పక్కకి తప్పుకున్నాడు. లేచింది. మూర్తిగారి మాట నిజమే.

కిటికీలో ఆకాశం ఎర్రబడి, నల్లబడింది. లైటు వేయడానికి లేవబోయాడు.

గీత పడింది.

అతను టేబుల్ దగ్గరే ఉన్నాడు. కార్పెట్ మీద ఎవరూ లేరు. నిమిషం ఆగాడు. ఇంకో చుక్క... కిందే. ఇంకోటి... కిందే. హీటర్ గుర్రుమని ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఏదో వినిపించింది. ముక్కుతో తీసే ఊపిరి. మెల్లగా... ఓపిగ్గా...

వాసన వచ్చింది. బామ్ వాసన.

తన వేళ్ళు వాసన చూసుకున్నాడు. ఆ రోజు అతను బామ్ రాసుకోలేదు.

కదలడానికి ధైర్యం చాలలేదు. చేతులు మాత్రం అలవాటుగా కీబోర్డు మీదికి పోయాయి. ఇన్నాళ్ళూ నిన్నా మొన్నా మాత్రమే అడిగాడు. ఇప్పుడు ఆమె ఈ ఇంట్లోకి వచ్చిన ఆగస్టు నుంచి అడిగాడు. సరుకంతా వచ్చి పడింది. ఆగస్టు, తిన్నగా. సెప్టెంబర్, తిన్నగా. అక్టోబర్ అంతా, సాయంత్రాలు కూడా, మచ్చ లేని గీత. మొదటిసారి పడింది నవంబర్‌లో... నోవైలో మంచు పడ్డ రోజున. అతను మొదటిసారి ఆమె లాప్‌టాప్ పేరు రాసి రన్ కొట్టిన రోజు సాయంత్రం.

విద్యకి ఫోన్ చేశాడు. అవతల గాజుల గలగల, పాటలు, నవ్వులు.

"ఉండు జితూ, మేడ మీదికి వెళ్తా, వినపడట్లేదు." మెట్లెక్కిన చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. "ఆఁ చెప్పు. ఏంటలా ఉంది గొంతు?"

"నేను... మీ ఇంట్ల ఉన్న. ప్లేనోల."

అవతల ఆమె మంచం మీద కూర్చున్న చప్పుడు.

అంతా చెప్పేశాడు, గుసగుసగా. లైబ్రరీ, గీత, అనీష్, ఫ్లైట్. తిడుతుందనుకున్నాడు. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాడు.

"బయటికి వచ్చెయ్," అంది విద్య. ఆమె గొంతు కూడా గుసగుసగా మారింది. "ఇప్పుడే వచ్చెయ్. నేను సీమంతానికని వచ్చాను గానీ, ఆ ఇంట్లో ఉండలేకే ఒకరోజు ముందే వచ్చేశా. చీకటి పడితే చాలు... ఎవరో నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"మొదట్లో భయం వెయ్యలేదు. నీ వాసనే వచ్చేది జితూ. నీ బామ్ వాసన. నిన్నే తలుచుకుంటున్నా కదా, అందుకే అనుకున్నా." ఆమె ఊపిరి తీసుకుంది. "తరవాత తరవాత దగ్గరికి రావడం మొదలైంది. నా మెడ వెనకాల... వాసన చూసేది. ఎవరి వాసనన్నా ఉందేమోనని వెతుకుతున్నట్టు."

జితేందర్ స్క్రీన్ మీది గీత వైపు చూశాడు. అతనూ రోజూ అదే వెతికాడు. ఇంకెలా అడగాలో తెలియక లైబ్రరీని అడిగాడు.

"తప్పైంది విద్యా. ఇంక చూడను. ఒట్టు. ఇప్పుడే ఆ కోడ్ తీసేస్త. మొత్తం తీసేస్త."

ఒక్కొక్క లైనూ చెరిపేస్తున్నాడు. విద్య ఏడుస్తోంది. ఆ ఏడుపులో కోపం కంటే ఊరటే ఎక్కువగా వినిపించి, అతనికీ కళ్ళు చెమర్చాయి. ఎన్నో నెలల తరవాత వాళ్ళిద్దరూ మొదటిసారి నిజంగా మాట్లాడుకుంటున్నారు.

అంతలో అవతల తలుపు చప్పుడు. మగ గొంతు, చనువుగా: "విద్యా, ఇక్కడున్నావా? కాఫీ తెచ్చా."

జితేందర్ వేళ్ళు ఆగిపోయాయి.

ఒక్క క్షణమే. కన్నుమూసి తెరిచినంతసేపు. అంతలోనే పాత అసూయ భగ్గుమంది. ఎవడు వాడు? పడగ్గదిలోకి కాఫీ తెచ్చేంత చనువా?

"ఎవరది?" అన్నాడు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

"రాజ్. శ్రీవిద్య వాళ్ళాయన. జితూ, ఇప్పుడే కదా ఒట్టు వేశావ్..."

గదిలో హీటర్ మళ్ళీ మొదలైంది. బామ్ వాసన పోయింది. ఒక్కసారిగా, కిటికీ తెరిచినట్టు. స్క్రీన్ మీద ఇంకా మూసెయ్యని గీతకి కొత్త చుక్క వచ్చింది. పైన. తిన్నగా. కార్పెట్ మీద ఇప్పుడు నిజంగానే ఎవరూ లేరు.

"పోయింది," అన్నాడు జితేందర్. కుర్చీలో వెనక్కి వాలాడు. "విద్యా, పోయింది. గీత పైకొచ్చింది..."

ఫోన్‌లో కింద హాల్లో పాడుతున్న ఆడవాళ్ళ పాట వినిపిస్తోంది. పాట మధ్యలో ఒక్కొక్క గొంతే తగ్గిపోయింది. గాజుల చప్పుడు ఆగింది.

"జితూ." చాలా మెల్లగా అంది విద్య. "నువ్వు ప్లేనోలోనే ఉన్నావు కదూ?"

"ఇక్కడే ఉన్న. ఏమైంది?"

"శ్రీవిద్య కిందనుంచి పిలుస్తోంది..."

"ఏమంటుంది?"

"మీ ఆయన వచ్చాడు అంటోంది."

మెట్ల మీద అడుగులు వినిపించాయి. తొందర లేదు. ఒక మెట్టు... ఇంకో మెట్టు... రాజ్ ఎవరినో పలకరించాడు. జవాబు రాలేదు. కాఫీ కప్పు కింద పడి పగిలింది.

"విద్యా, తలుపెయ్. తలుపేసుకో. విద్యా..."

ఆమె ఊపిరి బిగబట్టింది. అంతే వినిపించింది. తరవాత ఫోన్‌కి బాగా దగ్గరగా, ఆమె మెడ పక్కనుంచి, పుట్టినప్పటినుంచీ జితేందర్ తన నోటినుంచి మాత్రమే విన్న ఆ గొంతు అడిగింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"