రెండు ఆకుల ఘాటు

పైడికి రుచిపొర తీసేసి అది నాలుగో రోజు. పాలపళ్లు ఊడే వయసులో నోరు పెరుగుతుంది కనుక పిల్లలందరికీ పాత పొర ఒలిచి, వారం ఆగి, కొత్తది అంటిస్తారు. ఆ వారం ఇల్లిల్లూ నరకమే. ఏడేళ్లొచ్చినా అన్నం అసలు రుచి ఎరగని ఆ పిల్ల, గంజి తప్ప ఏది పెట్టినా మొహం చిట్లించి పళ్లెం తోసేస్తోంది. బడికి సెలవు. ఇంట్లో చూసేవాళ్లు లేక, అలివేణి ఆ పూట కూతుర్ని తన కొలువుకే వెంటబెట్టుకొచ్చింది.

రుచిపొర అంటే నాలుక మీద అంటుకుని ఉండే పలుచని పొర. ఏం తిన్నా, తినేవారికి ఇష్టమైన రుచిగా మార్చి అందిస్తుంది. ఒకే పళ్లెంలోని ఉడికించిన నాచు భర్తకు వేటమాంసమవుతుంది, భార్యకు ముద్దపప్పవుతుంది. అది వచ్చాక కూర బాగోలేదన్న గొడవ ఏ ఇంట్లోనూ వినపడలేదు. బాగుందని వండినవాళ్లను మెచ్చుకోవడం కూడా మానేశారు గాని, దాన్నెవరూ పట్టించుకోలేదు.

అలివేణి పనిచేసేది చింతపల్లి కొండల్లోని విత్తులకోటలో. లోకంలో మిగిలిన విత్తనాలు అక్కడ దాస్తారు. చోటు తక్కువ కాబట్టి, ఒకే రుచి ఉన్న మొక్కలు రెండుంటే ఒకటి తీసేయాలని నియమం. ఈసారి వంతు రెండు ఘాటు ఆకులది. ఒకటి ఆదిత్యాల మొలక. పొడినేలలో వారం తిరక్కుండా లేచే చిన్న మొక్క. వెనకటి రోజుల్లో దాని ఎర్రటి గింజలు పాలలో ఉడికించి బాలింతలకు పెట్టేవారు. రెండోది వాగాకు. పారే చల్లటి నీళ్లలో వేళ్లు వదిలి, గుండ్రటి ఆకులు పైకి తేలుస్తుంది. రుచిమాపకం అనే యంత్రం రెంటినీ పరీక్షించి, రెండింటిలోనూ ఉన్నది ఆవఘాటే, ఆదిత్యాలు తీసేయవచ్చని తేల్చేసింది.

పన్నెండేళ్లుగా ఏటా ఆ గింజలు విత్తి, పంట కోసి, మళ్లీ విత్తింది అలివేణే. ఆమెకు కడుపు మండిపోయింది. యంత్రం మాట కాదనడానికి ఒకటే దారి ఉంది: పొర లేని రెండు నోళ్లు, విడివిడిగా, ఒకే తేడా చెప్పాలి. గడువు ఆ సాయంత్రమే. ఆమె తన పొర కిందటి వారమే తీసేసుకుంది. రెండో నోటి కోసం తోటివాళ్లను బతిమాలితే, ఎవరికి వాళ్లు ఏదో సాకు చెప్పి జారుకున్నారు. చివరికి ఆమె చూపు, గంజి గ్లాసు వైపు గుర్రుగా చూస్తున్న కూతురి మీద పడింది. నియమంలో వయసు మాట ఎక్కడా లేదు.

తాను గమనించింది కాగితం మీద రాసి, మడిచి, విత్తులకోట అధికారి చేతికిచ్చింది. ఆయన ఎదుటే పిల్లకు ఆదిత్యాల రెమ్మ అందించింది. ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

పైడి నమిలి, చటుక్కున ముక్కు పట్టుకుంది. "ముక్కులోకి ఎక్కీసిందమ్మా. ఎక్కి, అప్పుడే దిగిపోయింది."

నీళ్లు తాగించి, కాసేపాగి వాగాకు ఇచ్చింది. ఇదేం చెయ్యలేదని పిల్ల తేలిగ్గా మింగబోయి ఆగింది. "కాదు, ఇప్పుడు మండుతోంది. గొంతు దగ్గర. పోవట్లేదు. చివర్న చేదు."

అధికారి కాగితం విప్పాడు. మొదటిది వెంటనే ముక్కుకెక్కి దిగిపోతుందనీ, రెండోది ఆలస్యంగా గొంతులో మొదలై నిలుస్తుందనీ, కడపట చేదనీ అందులో ఉంది. ఆయన మారుమాట లేకుండా రెండు మొక్కలనూ ఉంచమని రాశాడు. అలివేణికి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. కూతురు మాత్రం కొంగు లాగుతోంది.

"అమ్మా, నీకూ మండిందా?"

"మండింది."

"ముక్కులోనేనా? నాకు ఎక్కిన చోటే?"

"అక్కడేనే."

పైడి నోరు తెరుచుకుని తల్లినే చూసింది. ఇన్నేళ్లలో ఆ పిల్ల ఎవరినీ ఆ మాట అడగలేదు. తన నోట్లో ఉన్నదే ఇంకొకరి నోట్లోనూ ఉంటుందని దానికి తెలిసే దారే లేదు. ఇంకో రెమ్మ తుంచి సగం తల్లికిచ్చి, సగం తాను నమిలింది. ఇద్దరి కళ్లలోనూ ఒకేసారి నీళ్లు తిరిగాయి. పిల్ల పడీపడీ నవ్వింది.

సాయంత్రం ఇంటికి గుప్పెడు ఆకు తెచ్చుకున్నారు. కూతురికి ఆకలి పుట్టిందని తండ్రి సింహాద్రి పొంగిపోయాడు. పైడి తన చేత్తోనే ఆయన నోట్లో రెమ్మ పెట్టి, మొహంలో మొహం పెట్టి చూస్తూ కూర్చుంది.

ఆయన ఇష్టంగా నమిలాడు. "భలేగుందే తల్లీ. జున్నులాగుంది."

పిల్ల ఇంకాసేపు ఎదురుచూసింది. ఆయన కంట నీరు రాలేదు. అప్పుడు మెల్లగా తల్లి పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"నాన్న మనతో తినడం లేదు కదమ్మా?"

సింహాద్రి ఆ మాట విన్నాడు. ఆయన నోట్లో జున్ను ఇంకా తియ్యగానే ఉంది.